తియ్యనీళ్ళ దేశానికి వేసిన మార్కులు

జ్యోతిరాణి టీచర్‌ను పుస్తకాల పోటీకి న్యాయనిర్ణేతగా వేశారన్న సంగతి, ఆదివారం ఆరాధన ముగిసి జనం చెప్పులు వేసుకునేలోపే చర్చి ఆవరణంతా తెలిసిపోయింది. తెలియజేసింది ఎవరో కాదు, ఆమే. కనపడిన ప్రతివాళ్ళతోనూ "ఏం చేస్తం, అయ్యగారు విడువలే, ఒప్పుకోవాల్సి వచ్చింది" అని నిట్టూర్చి మరీ చెప్పింది.

నిజామాబాద్‌లోని కొన్ని చర్చిలు కలిసి పెట్టిన పోటీ అది. పిల్లలు పొద్దస్తమానం ఫోన్లకు అతుక్కుపోతున్నారు, వాళ్ళ చేతిలో పుస్తకం పెట్టాలి, ఆ పుస్తకంలో విశ్వాసమూ ఉండాలి, వింతలూ విడ్డూరాలూ ఉండాలి అని పెద్దలు అనుకున్నారు. తెలుగులో అట్లాంటి అద్భుత కథల మాల, కనీసం మూడు భాగాలుగా రాసినవాళ్ళు పంపవచ్చు. గెలిచినవాళ్ళను క్రిస్మస్‌కు ముందు జరిపే సెమీ క్రిస్మస్ నాడు సన్మానించి, ఆ పుస్తకాన్ని సండే స్కూళ్ళన్నిటికీ కొని పంచుతారు. న్యాయనిర్ణేతలు ముగ్గురు. అధ్యక్షుడు రెవరెండ్ భానుప్రసాద్ గారు, సంఘంలో అందరికీ అయ్యగారు. రెండోవారు వేల్పూర్‌లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన ఆత్మారాం సార్. మూడో మనిషి జ్యోతిరాణి.

ఆమెను పిలవడంలో వింతేమీ లేదు. ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతుంది. ఏటా క్రిస్మస్ నాటికలు ఆమె రాసినవే ఆడతారు. పైగా 'వెలుగుకోట' అని పిల్లల కోసం ఒక అద్భుత కథ రాసి, రెండు భాగాలు అచ్చేయించింది. మూడోది ఎన్నేళ్ళుగానో సగంలో ఆగిపోయింది. పోటీ ప్రకటన చూసిన రోజు, మూడు భాగాలుండాలన్న ముక్క దగ్గర ఆమె గుండె కలుక్కుమంది. ఆ మరుసటి వారమే అయ్యగారు వచ్చి న్యాయనిర్ణేతగా ఉండమని అడిగేసరికి, పోటీలో నిలబడేదానికంటే ఇదే పెద్ద మర్యాద అని మనసుకు సర్దిచెప్పుకుంది.

పుస్తకాలు వచ్చాయి. సుభాష్‌నగర్‌లోని ఆమె ఇంట్లో, భోజనాల బల్ల మీద కట్టలు కట్టలుగా పెట్టుకుని, ఎర్రపెన్ను పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి కట్ట 'బాలసైనికులు'. ప్రతి అధ్యాయం చివరా నీతి, నీతి కింద ప్రశ్నలు. రెండోదాంట్లో దేవదూతలు మోటారు సైకిళ్ళ మీద వస్తారు. ఇంకోదాంట్లో సాతాను పేజీకొకసారి వికటాట్టహాసం చేస్తాడు. జ్యోతిరాణికి ప్రాణం హాయిగా ఉంది. వీటన్నిటికంటే తన 'వెలుగుకోట' ఎంతో నయం. ఆ మాట పైకి అనలేదు గానీ, ఎర్రపెన్నుతో తప్పులు దిద్దుతున్నంతసేపూ లోపల అదే అనుకుంది.

అన్నిటికంటే అడుగున ఉన్న కట్ట విప్పింది. నాలుగు భాగాలు. 'తియ్యనీళ్ళ దేశం'. రచన: సవిత, శక్కర్‌నగర్, బోధన్.

"గీ సవితనా?" అని పైకే అనేసింది.

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్లలో, తమ ఇంటికి రెండు గుమ్మాల అవతల పెరిగిన సవిత. తనకంటే నాలుగైదేళ్ళు చిన్నది. సండే స్కూల్లో బైబిల్ కంఠత వాక్యం ఒక్కటీ తిన్నగా అప్పజెప్పలేక, మధ్యలో నవ్వొచ్చి, టీచరు చేత తిట్లు తినేది. బహుమతులన్నీ జ్యోతిరాణివే. నాటికలు వేయించేదీ జ్యోతిరాణే. మాటలు గుర్తుండవని సవితకు ఎప్పుడూ గొర్రెపిల్ల వేషమిచ్చేది. ఆ పిల్ల ఇప్పుడు బోధన్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తోందని, మొగుడు మహేందర్ ట్రాక్టర్ల స్పేర్ పార్ట్‌ల దుకాణం నడుపుతాడని విన్నది. పుస్తకాలు రాస్తోందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

'చూద్దాం ఏం రాసిందో' అని, కాస్త జాలితోనే మొదటి పేజీ తిప్పింది.

మూతపడిన షుగర్ ఫ్యాక్టరీ గోడ కింద ఒక కంత. బంటి, రమ్య అనే అన్నాచెల్లెళ్ళు అందులోంచి దూరితే అవతల ఇంకో దేశం. అక్కడ వాగుల్లో, బావుల్లో చెరుకురసమే పారుతుంది. ఎవరు ఎంత తాగితే అంత తాగాలనిపిస్తుంది, దప్పిక మాత్రం తీరదు. ఆ దేశపు రాజు 'దప్పిక' అన్న మాటనే నిషేధించాడు. ఆ మాట అన్నవాళ్ళను గానుగకు కడతారు. అందరూ పెదవులు పగిలి, నాలుకలు పిడచగట్టి, ఒకరినొకరు చూసి "ఎంత తీపి, ఎంత తీపి" అనుకుంటూ బతుకుతుంటారు. కొండ అవతలి ఊటనుంచి ఉత్తనీళ్ళు మోసుకొచ్చే కావడి మనిషి ఒకడున్నాడు. రుచీ పచీ లేని ఆ నీళ్ళను ఎవరూ ముట్టరు.

"మమ్మీ! ఏదో మాడుతుంది!" అని లోపలినుంచి కూతురు శృతి అరిచేదాకా జ్యోతిరాణికి పొయ్యి మీద పప్పున్న సంగతి గుర్తులేదు. వెళ్ళి స్టవ్ ఆపి, గిన్నె అట్లాగే వదిలి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

రెండో భాగంలో ఒకచోట ఆగిపోయింది. తండ్రి పోయిన రమ్య, కావడి మనిషిని నిలదీస్తుంది. "నీ కాడ నీళ్ళున్నయ్ గద, మా బాపును ఎందుకు బతికియ్యలే?" అంటుంది. ఇక్కడ కావడి మనిషి ఏం చెబుతాడా అని జ్యోతిరాణి ముందుకు వంగింది. అతడు ఏమీ చెప్పడు. కావడి దించి, పొలం గట్టు మీద ఆ పిల్ల పక్కన కూర్చుంటాడు. పొద్దు వాలేదాకా కూర్చుంటాడు. తర్వాత ఆ పిల్ల దోసిట్లో నీళ్ళు పోస్తాడు. ఇద్దరూ లేచి నడుస్తారు. అంతే, అధ్యాయం అయిపోయింది.

జ్యోతిరాణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఒళ్ళు మండింది. ఏడిపించినందుకు కాదు, ఏడిపించింది సవిత అయినందుకు. తన 'వెలుగుకోట'లోనూ ఒక పిల్లవాడు ఇదే ప్రశ్న అడుగుతాడు. దేవదూత పేజీన్నరసేపు జవాబు చెబుతాడు. ఆ పేజీన్నర కోసం తను నెలరోజులు బైబిల్ వ్యాఖ్యానాలన్నీ తిరగేసింది. ఈ గొర్రెపిల్ల వేషం పిల్ల ఒక్క మాటైనా రాయకుండా పని కానిచ్చేసింది.

ఎర్రపెన్ను తీసి 'పొలము' అని ఉండాల్సినచోట 'పొలం' అని ఉందని గీత గీసింది. గీసి చూసుకుంటే తనకే సిగ్గేసింది. రెండూ ఒప్పే.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బడినుంచి వచ్చేసరికి శృతి సోఫాలో బోర్లా పడుకుని మూడో భాగం చదువుతోంది. పదమూడేళ్ళ పిల్ల, పుస్తకమంటే పరీక్షలకే అనుకునే రకం.

"అవి ముట్టొద్దన్న కదనే, మార్కులెయ్యాలె వాటికి."

"ఒక్క పది పేజీలే ఉన్నయ్ మమ్మీ, ఆగు."

"వెలుగుకోట రెండో భాగం ఇస్తే ఆర్నెల్లు దిండు కింద పెట్టినవ్. ఇదెట్ల సాగుతుంది?"

శృతి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "నీ దేవదూత మాట్లాడుతుంటే నాకు క్లాసుల కూసున్నట్టు ఉంటది మమ్మీ" అంది. తర్వాత ఏమన్నదో తెలిసి నాలుక కరుచుకుని, "గట్ల కాదు, అది గూడ మంచిగనే ఉంటది" అని సర్దబోయింది.

జ్యోతిరాణి లోపలికి వెళ్ళి చీర మార్చుకోకుండానే మంచం మీద కూర్చుంది. సొంత కూతురు. ఆ సవిత ఎక్కడో బోధన్‌లో సూదులు గుచ్చుకుంటూ కూర్చుని, తన ఇంట్లో, తన సోఫాలో, తన బిడ్డను లాక్కుపోయింది.

ఆ ఆదివారం చర్చి గేటు దగ్గర సంఘ పెద్ద లింబయ్య పలకరిస్తే, అడగకముందే చెప్పింది. "ఏం పుస్తకాలన్నా, ఒకదాంట్ల అయితే పిల్ల ఏడ్చుకుంట అడిగితే దేవుడు జవాబే చెప్పడు. గమ్మున కూసుంటడు. ఇవి పిల్లలకిస్తే ఏమైతది చెప్పు!" లింబయ్య చెవులు మూసుకున్నంత పనిచేశాడు.

మార్కుల సమావేశం అయ్యగారి ఇంట్లో, ముందు గదిలో జరిగింది. ఆత్మారాం సార్ రావడం రావడమే 'తియ్యనీళ్ళ దేశం' నాలుగు భాగాలూ బల్ల నడుమ పెట్టి కండువాతో చెమట తుడుచుకున్నారు.

"నేనైతే ఇంక ముచ్చట అక్కర లేదనుకుంటున్న. మా మనుమరాలు నా చేతికెల్లి గుంజుకపోయింది. అది బడికి పోయినంక నేను చదువుకోవాల్సొచ్చింది."

"కథ బాగుంది సార్, నేను కాదంటలేను" అంది జ్యోతిరాణి. ఆ నాలుగు భాగాలనూ బల్ల అంచుకు జరిపింది. "కానీ ఉత్త కథే చూస్తే ఎట్ల? ఇది సండే స్కూలుకు పోయే పుస్తకం. ఇందుల కొంగ మాట్లాడుతది."

"బైబిల్ల బిలాము గాడిద మాట్లాడలేదా?"

"దాన్ని దేవుడు మాట్లాడించిండు. ఇదేమో ఊకె ముచ్చట్లు పెడ్తది."

భానుప్రసాద్ గారు నవ్వారు. నవ్వుతున్న మనిషిని చూసి జ్యోతిరాణి గొంతు మార్చింది. దశాబ్దాలుగా నాటికలు రాసిన మనిషి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నెమ్మదించాలో తెలుసు.

"అయ్యగారూ, కొంగ సంగతి పోనియ్యండి. రెండో భాగం చూసిండ్రు కదా. కావడి మనిషి అంటే ప్రభువేనని ప్రతి పిల్లకూ తెలుస్తది. ఒక పిల్ల తండ్రి పోయి అడుగుతది, ఎందుకని. ఆయన నోరు తెరువడు. రేపు మన సంఘంల తండ్రి లేని పిల్ల ఇది చదివి, దేవుని దగ్గర జవాబు లేదనుకుంటే, ఆ పిల్ల తల్లి వచ్చి మిమ్మల్ని అడుగుతది, నన్ను కాదు."

అయ్యగారి నవ్వు ఆరిపోయింది. తల్లిదండ్రులు వచ్చి అడగడమన్నది ఆయనకు అన్నిటికంటే పెద్ద భయం. గడ్డం నిమురుకుని, "నిజమేనమ్మా, అది ఆలోచించాల్సిందే. 'బాలసైనికులు' అయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు" అన్నారు.

"ఎవ్వలు చదువరు గూడ" అన్నారు ఆత్మారాం సార్. కానీ ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు. తన మార్కులు మార్చనని చెప్పి ఆయన చాయ్ తాగి వెళ్ళిపోయారు.

బయటికి వచ్చిన జ్యోతిరాణికి గాలిలో తేలినట్టుంది. బజారులో ఆగి మల్లెపూలు కొనుక్కుంది. ఇంటికి వచ్చేసరికి శృతి గుమ్మంలోనే పట్టుకుంది.

"తియ్యనీళ్ళ దేశానికే వచ్చింది కదా మమ్మీ?"

"చెప్పొద్దు. సెమీ క్రిస్మస్ దాక ఎవ్వలకు చెప్పొద్దు."

"ఇంక దేనికొస్తదిలే" అని శృతి ధీమాగా వెళ్ళిపోయింది. ఆ పూట మల్లెపూలు జ్యోతిరాణికి తలనొప్పి తెప్పించాయి.

నవంబరులో బోధన్ చర్చిలో కోతల పండుగ వచ్చింది. పుట్టింటి సంఘం కనుక ఆమె ఏటా వెళుతుంది. ఈసారి మానుకుందామనుకుంది గానీ, మానితే ఎందుకు మానావని అడుగుతారు. బస్సులో పోతుంటే దారి పొడుగునా చెరుకు లోడు లారీలు ఎదురయ్యాయి. బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడి చెరుకు ఊళ్ళు దాటి పోతోంది.

చర్చి ముందు షామియానా వేశారు. గుమ్మడికాయలు, పసుపు కొమ్ములు, వడ్ల బస్తాలు, చెరుకు మోపులు, కాళ్ళు కట్టిన కోళ్ళు బల్లల మీద, బల్లల కింద. ఎవరికి తోచింది వాళ్ళు దేవునికి తెచ్చి ఇస్తే, దాన్ని వేలం వేసి ఆ సొమ్ము చర్చికి జమ చేస్తారు. వేలం వేస్తున్నది సవితే. ఎర్ర ఫ్రేము కళ్ళద్దాలు, చేతిలో మైకు, గొంతు గేటు దాకా వినిపిస్తోంది.

"గీ గుమ్మడికాయ చూడుండ్రి, మా మహేందర్ పొట్టోలె లేదా? ఎవ్వలన్న అడుగుండ్రి జల్ది!"

జనం పడీ పడీ నవ్వుతున్నారు. జ్యోతిరాణిని చూడగానే మైకు ఎవరి చేతిలోనో పెట్టేసి ఉరికివచ్చి వాటేసుకుంది.

"అక్కా! ఎన్నేండ్లాయె నీతోని ముచ్చట పెట్టి! నువ్వు జడ్జివట కద. వద్దు వద్దు, నేనేం అడుగ. నువ్వేం చెప్పకు. రా, నీడకు కూసుందాం."

వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు లాగింది. చెప్పవద్దంటూనే పుస్తకాల గురించే మాట్లాడింది. ల్యాబ్‌కు వచ్చే పిల్లలు సూది అంటే ఏడుస్తుంటే మరిపించడానికి కథ మొదలుపెట్టిందట. "మల్ల ఏమైంది" అని వాళ్ళు రక్తం ఇచ్చే పని లేకపోయినా మళ్ళీ వచ్చేవాళ్ళట. జ్యోతిరాణి నవ్వాల్సినచోట నవ్వుతూ విన్నది. చివరికి ఉండబట్టలేక అడిగింది.

"రెండో భాగంల, ఆ రమ్య అడిగినప్పుడు ఆయన ఏం చెప్పడు కదా. గట్లెందుకు రాసినవ్?"

సవిత కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మా బాపు దవాఖానల ఉన్నప్పుడు అక్కా. గొంతు క్యాన్సర్. నీళ్ళు కావాలని సైగ చేసేటోడు. నీళ్ళు పోస్తే ఊపిరితిత్తులకు పోతయని డాక్టర్ వద్దన్నడు. తడి దూదితోని పెదవులు తడిపేదాన్ని. వరండాల కూసోని ఏడుస్తుంటే, ముప్కాల్ కెల్లి వచ్చిన ఒకామె, వాళ్ళాయన గూడ గదే వార్డుల ఉండె, వచ్చి నా పక్కన కూసున్నది. ఒక్క ముచ్చట మాట్లాడలే. ఏమైందని గూడ అడుగలే. చాయ్ తెచ్చి చేతుల పెట్టింది. రోజూ గట్లనే. ఆమె పేరు గూడ నాకు తెల్వదు."

"ఔనా" అంది జ్యోతిరాణి.

"బాపు పోయినంక మస్తుమంది వచ్చిండ్రు అక్కా. నువ్వు గూడ వచ్చినవ్ కద, యాదికున్నదా? ఎన్ని వాక్యాలు చెప్పినవ్! అందరు అన్నరు, జ్యోతిరాణి ఎంత మంచిగ మాట్లాడిందని." సవిత నవ్వింది. ఆ నవ్వులో ఏ ఎత్తిపొడుపూ లేదు, అదే జ్యోతిరాణికి భరించరానిదైంది. "నాకే ఏం చెవులకెక్కలే గప్పుడు. ఎవ్వలేం చెప్పినా ఎక్కలే. ముప్కాల్ ఆమె కూసున్నది మాత్రం ఇప్పటికీ కండ్లల్లనే ఉన్నది. గందుకే గట్ల రాసిన. తప్పైందా అక్కా?"

"తప్పేం లేదు" అన్న మాట జ్యోతిరాణి నోటినుంచి దానంతటదే వచ్చింది.

ఎవరో "సవితా, కోళ్ళ వేలం!" అని కేకేశారు. సవిత లేచి పోతూ పోతూ ఒక చెరుకుగడ విరిచి ఆమె చేతిలో పెట్టింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని జ్యోతిరాణి ఆ అంత్యక్రియలను గుర్తుచేసుకుంది. అవును, బాగా మాట్లాడింది. ఇంటికి వస్తూ దారిలో ఆ మాటలు రాసి పెట్టుకుంటే పనికొస్తాయని కూడా అనుకుంది. అంతసేపూ సవిత ఎక్కడ కూర్చుందో, ఏం కట్టుకుందో, ఏడ్చిందో లేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

సిగ్గు కలిగింది. సిగ్గుతో పాటు మునుపటి కంటే ఎక్కువగా ఓర్వలేనితనం కూడా కలిగింది. అదెంత పాడు సంగతో ఆమెకే తెలుసు. ఆ దవాఖాన వరండా మీద, ఆ పేరు తెలియని మనిషి మీద, ఆఖరికి సవిత దుఃఖం మీద కూడా ఆమెకు అసూయగా ఉంది. దేవుడు తన దగ్గరికి ఎప్పుడూ అట్లా వచ్చి గమ్మున కూర్చోలేదు. లేదా కూర్చున్నాడేమో, తను మాట్లాడుతూ ఉండి చూసుకోలేదు.

బస్టాండులో దిగి, ఇంటికి పోకముందే అక్కడి చప్పుడులోనే నిలబడి అయ్యగారికి ఫోన్ చేసింది.

"మళ్ళొకసారి కూర్చోవాలి అయ్యగారూ. నా మార్కులు మారుస్త."

"అదేందమ్మా, షీల్డు మీద పేరు చెక్కమని ఇచ్చేసిన!"

"చెక్కిండ్రో లేదో కనుక్కోండి. చెక్కితే ఇంకోటి నేను చేయిస్త."

మర్నాడు సాయంత్రం ముగ్గురూ అదే గదిలో కూర్చున్నారు. భానుప్రసాద్ గారి ముఖం చిరాగ్గా ఉంది. "మొన్న మీరే కదా వద్దన్నది. అంత గట్టిగా చెప్పి, ఇంతలోనే ఏమైంది?"

ఏమైందో చెప్పేస్తే అయిపోయేది. కడుపుమంటతో వద్దన్నానని, ఆ పిల్ల నాకంటే బాగా రాసిందని ఓర్వలేకపోయానని. నాలుక చివరిదాకా వచ్చింది. ఆత్మారాం సార్ తనవైపే చూస్తున్నారు. జ్యోతిరాణి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "మళ్ళొకసారి చదివిన" అంది. అది నిజమే. తెల్లవారి లేచి ఆ అధ్యాయం మళ్ళీ చదివే వచ్చింది. పూర్తి నిజం మాత్రం కాదు.

"మళ్ళ చదివితే మారుతది, మంచిదే" అన్నారు ఆత్మారాం సార్, ఇంకేమీ అడగకుండా. అడగలేదు కాబట్టి ఆయనకు తెలిసే ఉంటుందని ఆమెకు అనిపించింది.

అయ్యగారు నిట్టూర్చారు. "సరే. కానీ ఎవరైనా లేచి ప్రశ్నిస్తే జవాబు చెప్పే బాధ్యత మీదేనమ్మా. నేను నోరెత్తను."

"నేనే చెప్తా."

సెమీ క్రిస్మస్ నాడు హాలు కిటకిటలాడింది. కొవ్వొత్తులు, నక్షత్రాలు, కేకుల వాసన. తీర్పు చదవాల్సిందీ జ్యోతిరాణే. 'తియ్యనీళ్ళ దేశం' అని ఆమె అనగానే వెనక బెంచీల్లో పిల్లలు ఎగిరి గంతులేశారు. ఆ పుస్తకాలు ఇంతమంది ఎప్పుడు చదివారో, ఎవరు ఎవరికి ఇచ్చారో తెలియదు. శృతి బెంచీ ఎక్కి ఈల వేసింది. 'వెలుగుకోట' అచ్చైనప్పుడు ఇదే హాలులో, పెద్దలు మర్యాదగా చప్పట్లు కొట్టడం ఆమెకు గుర్తుంది.

చప్పట్లు సద్దుమణగగానే మధ్య వరసలో లింబయ్య లేచాడు.

"టీచరమ్మా, ఒక్క మాట. నువ్వే కద ఆ దినం నాతోని చెప్పినవ్, గా పుస్తకంల దేవుడు జవాబు చెప్పడని. పిల్ల ఏడుస్తుంటే గమ్మున కూసుంటడని. అసొంటిది మా పిల్లలకు ఎట్లిస్తరు?"

హాలంతా ఆమె వైపు తిరిగింది. సవిత కూడా. ముందు వరసలో, కొత్త పట్టుచీరలో, నోరు కొంచెం తెరిచి చూస్తోంది. 'నువ్వే కద చెప్పినవ్' అన్న మాట ఆమె విన్నది. జ్యోతిరాణి తీర్పు కాగితం మడిచింది. మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"చెప్పిన లింబయ్యన్నా. తప్పు చెప్పిన." ఆగింది. ఈసారి నాటకం కోసం ఆగలేదు, నిజంగానే మాట దొరకలేదు. "యోబుకు అంత కష్టమొస్తే ముగ్గురు స్నేహితులు వచ్చిండ్రు. వచ్చి ఏడు దినాలు ఆయనతోపాటు నేల మీద కూసున్నరు. ఒక్క మాట మాట్లాడలే. ఆ ఏడు దినాలు వాళ్ళు మంచి స్నేహితులే. నోరు తెరిచినంకనే చెడగొట్టిండ్రు. లాజరు సమాధి కాడ ప్రభువు గూడ ముందుగాల ఏడ్చిండు అన్నా. లాజరు తోడబుట్టిన మరియకు పాఠం చెప్పలే. ఈ పుస్తకంల కావడి మనిషి చేసింది అదే. మన పిల్లలు ఎప్పుడన్న ఏడిస్తే, పక్కన ఎట్ల కూసోవాలెనో ఇది నేర్పిస్తది. నాకు ఇంతవరకు ఎవ్వలు నేర్పలే."

లింబయ్య పక్కవాళ్ళ వైపు చూశాడు. "ఏమో. నేను గూడ చదివి జూస్త" అని కూర్చున్నాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు గానీ ఇంకెవరూ లేవలేదు.

సవిత షీల్డు అందుకుని మైకు ముందుకు వచ్చింది. ల్యాబ్ పిల్లలకు, మహేందర్‌కు, అచ్చు వేసినవాళ్ళకు, పేరు తెలియని ముప్కాల్ ఆమెకు, ఒక్కొక్కరికీ వందనాలు చెప్పింది. తన పేరు చెబుతుందేమో అని జ్యోతిరాణి అనుకుంది. చెప్పలేదు. మరిచిపోయిందో, లింబయ్య మాట మనసులో పెట్టుకుందో. చెప్పకపోవడమే న్యాయమని తెలిసినా, లోపల చురుక్కుమంది.

కార్యక్రమం అయ్యాక పిల్లలు పుస్తకాల మీద సంతకాల కోసం సవిత చుట్టూ మూగారు. శృతి తల్లి చెయ్యి పట్టుకుని ఆ వరసలోకి లాగింది. తన విద్యార్థుల నడుమ, కొందరు "నమస్తే టీచర్" అంటుంటే, జ్యోతిరాణి నిలబడింది. ముందుకు జరిగి జరిగి వాళ్ళ వంతు వచ్చింది. సవిత శృతికి సంతకం చేసి, తల ఎత్తింది.

"అక్కా, ముందుగాల నువ్వు వద్దన్నవా?"

"అన్న."

సవిత ముఖంలో నవ్వు లేదు. ఎప్పుడూ నవ్వే ముఖం అట్లా ఉంటే వేరే మనిషిలా కనిపించింది. "నాకు జర బాధైతుంది అక్కా. అబద్ధమెందుకు."

"బాధ కావాలె మరి" అంది జ్యోతిరాణి. వెనక పిల్లలు తోస్తున్నారు. క్షమించమని అడగాలని నోరు తెరిచింది. వచ్చిన మాట మాత్రం వేరు. "నాలుగో భాగంల ఆఖరి అధ్యాయం తొందరపడ్డవ్ సవితా. ఊట పారంగనే అందరి దప్పిక తీరిపోయి, రెండు పేజీల్ల అందరు ఇంటికొచ్చేసిండ్రు. గన్ని దినాలు గోస పడ్డోళ్ళు మొదటి బుక్క నీళ్ళు ఎట్ల తాగుతరో జర ఆగి చూపియ్యాల్సింది."

సవిత పెన్నుకు మూత పెట్టింది. తర్వాత మెల్లగా, "నాక్కూడ గట్లనే అనిపిచ్చింది. అచ్చుకు ఇయ్యాలని ఆగమాగం రాసిన. ఇంతవరకు ఎవ్వలు చెప్పలే" అంది. "మల్ల అచ్చేస్తే సరిజేస్త. రాసి పంపితే చూస్తవా?"

"చూస్త."

వెనక పిల్లవాడు పుస్తకం ముందుకు దూర్చాడు. తల్లీ కూతుళ్ళు పక్కకు జరిగారు.

ఆటోలో శృతి అడిగింది. "నిజంగనే బాగలేదా మమ్మీ ఆఖరిది?"

"బాగలేదు."

"మరి మార్కులేసేటప్పుడు చెప్పినవా?"

జ్యోతిరాణి పర్సు తెరిచి ఆటోకు చిల్లర లెక్కపెట్టింది. మొదటిసారి చదివినప్పుడే ఆ లోపం ఆమెకు కనిపించింది. కానీ అది చిన్న లోపం, ఆ పుస్తకం మీద ఇష్టం ఉన్నవాళ్ళు చెప్పే లోపం. ఆ రోజు ఆమెకు అంత చిన్నది అక్కరకు రాలేదు. ఇప్పుడు చెప్పింది మాత్రం ఇష్టంతోనా, లోపల ఇంకా మిగిలి ఉన్నదానితోనా అని ఆలోచిస్తే, తేల్చుకోలేకపోయింది. చెప్పింది నిజం. అంతవరకు తెలుసు.

ఆటో గాంధీచౌక్ దాటి పోతోంది. శృతి నాలుగో భాగం తెరిచి, దుకాణాల వెలుతురు పడినప్పుడల్లా ఒకటి రెండు వాక్యాలు చదువుతోంది.

"కండ్లు పోతయ్, ముయ్యి" అంది జ్యోతిరాణి.

శృతి మూయలేదు. పుస్తకాన్ని ఇంకాస్త బయటికి, వెలుతురు వైపు తిప్పుకుంది.